ఎడపల్లిలో ఆపిన కారు

నాన్న పోయిన నెలకే అమ్మకు గుండెనొప్పి వచ్చింది. ఆయన ముచ్చటపడి కొన్న పాత విదేశీ కారులో బోధన్ నుంచి నిజామాబాద్ ఆసుపత్రికి బయలుదేరాను. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు వేగం అందుకోలేదు. వెనక చెరకు లారీ ఒకటే హారన్. ఇంతలో అమ్మ మూలుగు ఆగిపోయింది. భయపడి ఎడపల్లిలో మెకానిక్ షెడ్డు ముందు ఆపాను.

మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. "ఇంజన్ మంచిగనే ఉందక్కా." తర్వాత లోపలికి వంగి, పెడల్ కింద ఇరుక్కున్న చెప్పును లాగాడు. "గిది అడ్డం ఉంటే ఎంత తొక్కితే ఏమైతది?"

నాన్న చెప్పులు సీటు కింద విడిచి, వట్టి కాళ్లతోనే కారు నడిపేవారు.

అమ్మ కళ్లు తెరిచింది. "మీ బాపుదే. గాయన నన్నెన్నడన్న జల్ది తీస్కపోయిండా?"

అమ్మ దక్కింది. చెప్పులు ఇంట్లో దాచాం. అయినా కారెక్కే ముందు సీటు కింద చూస్తాను. అక్కడ ఏమీ ఉండదు.