నయం కాకముందే చెప్పిన సాక్ష్యం

మా మందిరంలో ప్రభువు బల్లకి ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు కడగడం పన్నెండేళ్లుగా నా పని. ఆ శనివారం పొద్దున్న గ్లాసు పట్టుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. వాచి బిగుసుకుపోయి ఉన్నాయి. చలికేమో అనుకున్నాను. గంటన్నర గడిస్తే గానీ పిడికిలి బిగించలేకపోయాను. వారం తిరిగేసరికి మణికట్లు, మోకాళ్లు కూడా పట్టేశాయి. నా జాకెట్టు హుక్కులు కూడా మా ఆయనే పెట్టాల్సి వచ్చేది, చేపల చెరువులో మేత వేసి వచ్చి.

మాది కొల్లేరు పక్కన పల్లె. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లతోనే ఒక నెల పోయింది. ఆఖరికి ఏలూరు వెళ్లాం. డాక్టరుగారు ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ అని రక్తపరీక్షలు రాశారు. రిపోర్టులు చూసి, "రుమటాయిడ్ ఆర్థరైటిస్ అమ్మా, ఒకరకం కీళ్లవాతం. అదుపులో ఉంచగలం, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను" అన్నారు. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకోమన్నారు. "అది పనిచెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా నొప్పి ఆగడానికి స్టెరాయిడ్ ఇస్తున్నాను. బాగుంది కదా అని ఏదీ మానకండి." ఆ చివరి మాట విన్నాను గానీ లెక్కచెయ్యలేదు.

నొప్పులు మొదలైనప్పటినుంచీ సంఘమంతా నా కోసం ప్రార్థించింది. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. మా ఇంటికొచ్చి మోకరించి ఏడ్చినవాళ్లున్నారు. అదంతా నటన అనను. స్టెరాయిడ్ మొదలెట్టిన పది రోజులకి నేను చప్పట్లు కొట్టి పాడగలిగాను. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నావైపు చూసి నవ్వారు. "లేవండమ్మా, ప్రభువు చేసిన మేలు చెప్పండి" అన్నారు. మేలు పొంది సాక్ష్యం చెప్పకపోతే మాలో దేవుడి మహిమ దొంగిలించినట్టే. "ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు" అనేశాను. హల్లెలూయాలతో మందిరం మోగిపోయింది.

పూర్తిగా స్వస్థత అని చెప్పిన నోట్లో మాత్ర ఎలా వేసుకోను? రెండూ మానేశాను. నన్నెవరూ మానమనలేదు, ఆ తెలివి నాదే.

నెల తిరక్కుండా మంచం దిగలేని స్థితికి వచ్చాను. మళ్లీ ఏలూరు. డాక్టరుగారు కోప్పడ్డారు. "ప్రార్థన మానమని నేనన్నానా? మరి మాత్రలు మానమని మీకెవరు చెప్పారు?" మందులు మళ్లీ మొదటినుంచీ.

అసలు బాధ అక్కణ్ణుంచి మొదలైంది. వాచిన చేతులతో ఏ మొహం పెట్టుకుని మందిరానికి వెళ్లను? ఏడు ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయాను. స్వస్థత పొందిన మనిషిని పరామర్శించడానికి ఎవరొస్తారు? చెరువు పనిలో తీరిక లేదేమో అనుకున్నారట. దారిలో మా ఆయన్ని అడిగి సంగతి తెలుసుకున్న మా సంఘంలోని ఒక సిస్టరు, "విశ్వాసం తగ్గిందేమోనండి అన్నయ్యగారూ, సరిచూసుకోమనండి" అందట. నాకు ఒళ్లు మండింది. నా పెళ్లికి వంట చేసిన మనుషులు వీళ్లు. వాళ్ల కాన్పులకి ఆసుపత్రిలో తోడు కూర్చున్నదాన్ని నేను. ఇన్నేళ్ల బంధం ఒక్క సాక్ష్యంతో ఇలా అయిపోతుందా? నా మీద నాకూ అంతే కోపం వచ్చింది, ఆ మాట అన్నది నేనే కాబట్టి.

ఎనిమిదో ఆదివారం మా ఆయన బండెక్కి వెళ్లాను. సాక్ష్యాల వేళ ఎవరూ పిలవకుండానే లేచాను. "నాకు తగ్గలేదండీ. ఆ రోజు తొందరపడ్డాను. మాత్రలు మానేసి మంచాన పడ్డాను. మీరెవ్వరూ రాలేదు. నొప్పి కన్నా నాకు అదే ఎక్కువైంది" అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

అప్పుడు ముందు వరసలోంచి మరియమ్మ పిన్నిగారు మెల్లగా లేచారు. షుగరు పోయిందని కిందటేడు సాక్ష్యం చెప్పినావిడ. "నాకూ పోలేదమ్మా. కాలి పుండు ఇంకా మానలేదు. చీర కింద కట్టు కట్టుకుని వస్తున్నాను" అన్నారు. వెనకనుంచి ఇంకో ఇద్దరు లేచారు. ఆ రోజు ప్రసంగానికి టైము మిగల్లేదు.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయాయి, ఇక మామూలుగా అవ్వవట. మెథోట్రెక్సేట్ మానలేదు. రక్తపరీక్షలకి ఏలూరు వెళ్లేటప్పుడు పిన్నిగారూ నేనూ ఒకే బస్సెక్కుతాం. అందరూ మారిపోయారని చెప్పను. ఆ సిస్టరు ఇప్పటికీ నా విశ్వాసం గురించి అడుగుతూనే ఉంటుంది, నాకు ఇప్పటికీ చిరాకే.

చదివేవాళ్లకి ఒక్కటే చెబుతాను. మీ మందిరంలో ఎవరైనా స్వస్థత సాక్ష్యం చెబితే సంతోషంగా చప్పట్లు కొట్టండి. కానీ సోమవారం పొద్దున్నే, వాళ్లు మంచం దిగే వేళకి, ఆ ఇంటికి వెళ్లండి.