సూదమ్మ హస్తవాసి

సూదమ్మ హస్తవాసి అంటే ఆ వీధికి మహా గురి. క్లినిక్‌లో ఎవరు ఇంజెక్షన్ చేసినా మందు అదే, సూది అదే. అయినా ఈ నర్సమ్మ చేస్తే జ్వరం గుమ్మం దాటకముందే దిగిపోతుందట! మొదట్లో ఆవిడా నవ్వి ఊరుకునేది. వినగా వినగా నమ్మేసింది. పొద్దున్నే చేతులకు నూనె రాసుకుని అపురూపంగా చూసుకునేదంటే ఇంకేం చెప్పాలి!

కొత్తగా చేరిన చిన్న నర్సుకు మాత్రం మొదటిరోజే చుక్కెదురైంది. సూది గుచ్చీ గుచ్చగానే ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదని తర్వాత ఆవిడే చెప్పింది, ఎవరైనా వింటేగా! "అమ్మో, బండ చెయ్యి" అని వీధంతా తేల్చేసింది. అప్పట్నుంచీ ఆ పిల్ల దగ్గర ఈగ కూడా వాలలేదు.

"నీ దగ్గరికెవరూ రావట్లేదు. ఈ నెల చూస్తాను, తర్వాత నేనేం చెయ్యలేనమ్మా" అనేశారు డాక్టరుగారు. ఆ పిల్ల దూది సర్దుతున్నట్టు తలొంచుకుని కళ్లు తుడుచుకుంది. అది సూదమ్మ కంటపడింది.

మర్నాడు లారీ బాబాయి వచ్చాడు. ఘాట్ రోడ్లమీద లారీ తోలిన మనిషి, గుబురు మీసం. సూది చూస్తే మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని మొహం గోడకు తిప్పేస్తాడు.

"మనవరాలికి పళ్లొచ్చాయా బాబాయ్?" అంటూ సూదమ్మ చిన్న నర్సుకు సైగ చేసింది.

"రాకేం! నిన్న నా మీసం కొరికింది!"

"అయిపోయింది, లేవండి" అంది సూదమ్మ.

"అప్పుడేనా! చీమ కుట్టినట్టు కూడా లేదు. హస్తవాసంటే నీదేనమ్మా!"

"చేసింది నేను కాదు. ఇదిగో, ఈ పిల్ల."

బాబాయి నోరు తెరిచేశాడు. ఇప్పుడైనా నొప్పి పుడుతుందేమోనని భుజం తడుముకున్నాడు. పుట్టలేదు. వీధి చివరిదాకా ఆయనే టముకు వేశాడు.

సూదమ్మకు సంతోషమే, కానీ చివుక్కుమంది కూడా. ఇన్నేళ్లూ చేతిలో ఏదో ఉందనుకుంది. ఉన్నదల్లా వాగుడే!

వారం తిరక్కుండా చిన్న నర్సు ముందు జనం కూర్చున్నారు. అందరికంటే ముందు, ఆ రోజు పడిపోయినావిడే. పిల్ల సూది పట్టుకుని బెరుగ్గా సూదమ్మ వైపు చూసింది.

"నన్నేం చూస్తావే? ఆవిడతో మాట్లాడు."

పిల్ల గొంతు సవరించుకుంది. "అక్కా, ఇవాళైనా తినొచ్చారా?"

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి ఇంజెక్షన్ అయిపోయింది.