బస్టాండులో పెద్దనాయన తలకాయ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నేను గొప్ప కళాకారుణ్ణని. రెండు, ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియకపోవడంలో తప్పు నాది కాదని. పంతొమ్మిదేళ్ళ వయసులో, వచ్చీరాని గడ్డం పెంచుకుంటూ, భుజాన గుడ్డసంచి వేసుకుని, హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో బొమ్మలూ డిజైనూ చదివే ఏ కుర్రాడికైనా ఇవి ఉండేవే. (ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లల్లోనూ చూస్తుంటాను. ఏమీ అనను. జ్వరం లాంటిది, దానంతట అదే దిగుతుంది.) నాకు దిగిన తీరు మాత్రం వేరు. అందుకోసం మా పెద్దనాయన ఒక పూట చచ్చిపోవలసి వచ్చింది. కంగారు పడకండి, ఆయన ఇప్పటికీ వీపనగండ్లలో పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు తిని పొలం చూసి వస్తున్నాడు.

మా ఇంట్లో చివరిమాట పెద్దనాయనది. మా నాయన కూడా ఆయన ముందు మంచం మీద కూర్చునేవాడు కాదు. నేను బొమ్మల చదువుకు పోతానన్నప్పుడు ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే ఎవరికీ అర్థం కాలేదు. "బొమ్మలు చిన్నపిల్లగాండ్లు గూడ ఏస్తరు గద, దానికి యూనివర్సిటి ఎందుకు?" అని మా నాయన అమాయకంగా అడిగాడు. పెద్దనాయన కాసేపు మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "ఒక్క ఏడాది చూస్త. మార్కుల కాయితం నాకు జూపెట్టకు, అవి నాకు తెల్వదు. ఆ సదువు మనిషికి ఏం పనికొస్తదో నా కండ్లకు కనబడాలె. కనబడితె సదువుకో. లేకుంటె ఒచ్చి ఎరువుల దుకాణంల కూసో." ఎరువుల దుకాణం మాదే. ఆ ఏడాదంతా నేను ఎప్పుడు కళ్ళు మూసుకున్నా యూరియా బస్తాల మధ్య కూర్చుని ఈగలు తోలుకుంటున్న నేనే కనబడేవాణ్ణి. పాసవడం పెద్ద కష్టం కాదు. పెద్దనాయన కళ్ళకు కనబడేలా పనికిరావడం ఎట్లాగో మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఏడాది చివర పరీక్ష ఏమిటంటే, బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నిజం తలంత తల చేసి తేవాలి. ఫొటో చూసి చేయకూడదు. నేను ఎత్తు వేశాను. పెద్దనాయన తలనే చేస్తే, చదువు ఆయన కళ్ళకు కనబడక ఎక్కడికి పోతుంది? సెలవుల్లో ఊరికి వచ్చి, కుమ్మరివాళ్ళింటి నుంచి మట్టి తెచ్చి, మా రేకుల షెడ్డు కింద ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాను. "కదలొద్దు పెద్దనాయనా" అనే మాట ఆయనతో అన్న మొదటి మనిషిని మా వంశంలో నేనే. ఆయన కదలకుండా ఐదు నిమిషాలుండేవాడు, ఆరో నిమిషంలో ఫోను మోగేది, ఏడో నిమిషంలో ఫోన్లో ఎవరినో తిడుతూ గేటు దాకా వెళ్ళిపోయేవాడు. అందుకే నా మట్టితలకు ఆ తిట్టే ముఖమే వచ్చింది. దారినపోయే వాళ్ళందరూ ఆగి సలహాలిచ్చేవాళ్ళు. "ముక్కు జర పెద్దగైంది" అని ఒకరు. "మీసం సక్కగొచ్చింది గని చెవులు ఈయనయి గావు, వాళ్ళ నాయనయి" అని ఇంకొకరు. పెద్దమ్మ మాత్రం మొదటిరోజు నుంచీ మొత్తుకుంటూనే ఉంది. "బతికున్న మనిషికి విగ్రహమేంది రా? విగ్రహాలు పోయినోళ్ళకు పెడ్తరు. ఏ చౌరస్తల జూసినా అంతే గద!" ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మా వైపు ఏ కూడలిలో చూసినా విగ్రహం ఉంటుంది, అందులోని మనిషి ఉండడు. "ఊకో, పోరగాని పరీక్షనట" అని పెద్దనాయన కసిరాడు గానీ, ఆ సాయంత్రం అద్దంలో తన ముక్కును చాలాసేపు చూసుకోవడం నేను చూశాను.

మట్టితలకు అచ్చు తీసి ప్లాస్టర్ పోశాను. తెల్లగా, తలకు రుమాలు చుట్టుకుని, కోపంగా చూస్తున్న పెద్దనాయన బయటికి వచ్చాడు. పరీక్షకు ముందురోజు ఆయన పాత ధోతీలోనే ఆ తలను చుట్టి, చంకన పెట్టుకుని బస్సెక్కాను. కాళ్ళ దగ్గర పెట్టబోతే, గుడ్డలోంచి కనబడిన ముఖం చూసి కండక్టరు వారించాడు. "పెద్దమనిషిని కింద పెట్టొద్దు తమ్మీ" అని తన సీటు ఖాళీ చేసి ఇచ్చి, వనపర్తి దాకా తను నిలబడే వచ్చాడు. కళంటే ఇంత గౌరవమున్న జిల్లాలో పుట్టినందుకు నాకు ఒళ్ళు పులకరించింది.

వనపర్తి బస్టాండులో హైదరాబాదు బస్సుకు ఇంకా టైముంది. ఒక పూలమ్మే అవ్వ పక్కన బల్ల మీద తలను దించి, గుడ్డ జారిపోతే సర్ది, "అవ్వా, జర చూస్తుండు, ఇప్పుడే ఒస్త" అని చెప్పి వెళ్ళాను. (ఇప్పుడే అంటే చాయ్, నాలుగు మిరపకాయ బజ్జీలు, మళ్ళీ చాయ్.) తిరిగి వచ్చేసరికి గుడ్డ పూర్తిగా జారిపోయి ఉంది. పెద్దనాయన మెడలో బంతిపూల దండ. ముందర అరటిపండుకు గుచ్చిన రెండు అగరొత్తులు.

"ఉత్తగ కూసోబెట్టి పోతివి బిడ్డ, సూడనీకె ఎట్లనో ఉండె. గందుకే దండేసిన. పైసలొద్దు" అంది అవ్వ. తర్వాత గొంతు తగ్గించింది. "ఒకాయన ఒచ్చి సూసి, తువ్వాల నోట్లె వెట్టుకోని ఏడ్చిండు. పాదాలు మొక్కుదామని సూసిండు. పాదాలు లేకపాయె, బల్ల మొక్కి పోయిండు."

ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో నా శిల్పం చూసి ఏడ్చాడు! బల్లకు మొక్కాడు! మా క్లాసులో ఎవడి బొమ్మ చూసి ఎవడు ఏడ్చాడు? (మా సారు ఒకసారి నా పాత బొమ్మ చూసి తల పట్టుకున్నాడు, అది వేరే సంగతి.) అవ్వ మనసు నొప్పించడం ఎందుకని దండ తీయలేదు. అట్లాగే తలను ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు బస్సులో కూర్చున్నాను. దారిపొడుగునా, రేపు ఆ సంఘటన గురించి ఎవరైనా అడిగితే ఎంత వినయంగా చెప్పాలో సాధన చేసుకుంటూ పోయాను.

జడ్చర్ల దాటుతుండగా ఫోన్ మోగింది. పెద్దమ్మ. వెనక పది మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. "నీ బొమ్మ సల్లగుండ! మీ పెద్దనాయనను సంపి బస్సెక్కినవు గదరా!"

ఆ ఏడ్చినాయన ముక్కూ మొహం తెలియని మనిషేమీ కాదు. మా తిమ్మాజిపేట మామ. పెద్దమ్మ సొంత తమ్ముడు. ఆయనకూ పెద్దనాయనకూ ఏడేళ్ళుగా మాటల్లేవు. మామ తన బిడ్డ పెళ్ళికార్డులో, ఆహ్వానించేవాళ్ళ వరసలో, పెద్దనాయన పేరు నాలుగోది వేయించాడు. పైన ఉన్న మూడు పేర్లలో ఒకటి పెద్దనాయన కన్నా చిన్నవాడిది. పెద్దనాయన పెళ్ళికి పోలేదు సరికదా, కార్డును వెనక్కి పంపాడు. (మా వైపు పెళ్ళికార్డులో పేరు ఎక్కడ పడిందన్నది పొలం గట్టు ఎక్కడ పడిందన్నదాని కన్నా పెద్ద విషయం.) ఆ బిడ్డ మెట్టిల్లు వనపర్తే. ఆమెను చూసి ఊరికి పోదామని మామ బస్టాండుకు వచ్చాడు. వచ్చి, దండ వేసిన బావను చూశాడు.

ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు, అందులో తప్పు పట్టడానికి లేదు. విగ్రహం తయారవడానికి రోజులు పడతాయి. అంటే బావ పోయి చాలా రోజులైంది. దినాలు కూడా అయిపోయి ఉంటాయి. సొంత అక్క కూడా కబురు చేయలేదు. ఇంత పగనా! అసలు సంగతేమిటని అవ్వను ఎందుకు అడగలేదంటే, తర్వాత ఆయనే చెప్పాడు, "సొంత బావ పోయిండా లేదా అని పూలమ్మేటామెను అడగాల్నా? సిగ్గయ్యింది." అక్కకు ఫోన్ చేద్దామంటే నోరు రాలేదట. నేరుగా బిడ్డ ఇంటికి తిరిగి వెళ్ళి, బిడ్డనూ అల్లుణ్ణీ వియ్యాలవారినీ తీసుకుని, ఒక జీపు, ఒక ఆటో మాట్లాడుకుని, గులాబీల దండ కొనుక్కుని వీపనగండ్లకు బయలుదేరాడు.

అప్పుడు పెద్దనాయన అన్నం తింటున్నాడు. వీధి మలుపు నుంచే ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది. ఆయన చెయ్యి కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుని, "ఎవరో పోయినట్టున్నరు, జర పోయొస్త" అని పెద్దమ్మకు చెప్పి గేటు దాకా వచ్చాడు. ఎదురుగా ఏడేళ్ళ తర్వాత బామ్మర్ది, చేతిలో దండ, ముక్కు ఎర్రగా. చావు ముందు పంతమేంటని పెద్దనాయన ఎదురెళ్ళి ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఏడువకు బామ్మర్ది. ఎవలు పోయిండ్రు?"

మామ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడట.

"నువ్వే, బావా."

ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా తర్వాత తెలిసింది. ఆ సమయంలో ఫోన్లో నాకు వినిపించింది పెద్దమ్మ శాపనార్థాలు, తర్వాత ఫోను లాక్కున్న పెద్దనాయన గొంతు మాత్రమే.

"రేపు నీ పరీక్ష ఎన్ని గంటలకు?"

"పదింటికి, పెద్దనాయనా."

"ఆడ్నే ఉండు. ఒస్తున్న."

అంతే, పెట్టేశాడు. నన్ను యూనివర్సిటీలో చేర్చేటప్పుడు కూడా రాని మనిషి వస్తున్నాడంటే ఎందుకో వేరే చెప్పాలా? చదువు ఆయన కళ్ళకు కనబడింది. ఇంటి ముందు శవయాత్రగా కనబడింది. నేను దండ తీసి సంచిలో వేసుకుని, ఒళ్ళోని తలకాయను చూశాను. అది నన్ను చూసిన చూపు, అంత బాగా ఎందుకు చేశానా అనిపించేట్టుంది.

మర్నాడు పదింటికి మా స్టూడియోలో తలను స్టాండు మీద పెట్టి పక్కన నిలబడ్డాను. మా సారు, బయటినుంచి పరీక్షకు వచ్చిన ఒక మేడం. ఆమె తల చుట్టూ రెండుసార్లు తిరిగి, "పని శుభ్రంగానే ఉంది. కానీ ముఖంలో ఇంత కోపమా? నిజంగా మనిషిని కూర్చోబెట్టుకుని చేశావా, ఏదో ఫొటో చూసి చేశావా? పోలిక వచ్చిందని నేనెట్లా నమ్మాలి?" అంది. నిజానికి నా చెవులు ఆమె మాటల మీద లేవు, మెట్ల మీది కిర్రుచెప్పుల చప్పుడు మీద ఉన్నాయి.

చెప్పులు బయట విడిచి పెద్దనాయన లోపలికి వచ్చాడు. అదే రుమాలు, అదే మీసం, అదే కోపం. వెనక తిమ్మాజిపేట మామ. మేడం ఒకసారి ఆయన్ను, ఒకసారి స్టాండును, మళ్ళీ ఆయన్ను చూసింది. పెద్దనాయన నేరుగా తల ముందు నిలబడి, "ముక్కు నిజంగనే గింత ఉందా?" అని నన్ను కాదు, మామను అడిగాడు. మామకు ఆ ప్రశ్న వినబడలేదు. ఆయన మేడంకు చేతులు జోడించాడు.

"మేడం, నిన్నటికి ఏడేండ్లైంది నేను మా బావ మొకం సూడక. నిన్న బస్టాండ్ల ఈ తలకాయ సూసి, సుట్టు ఎవలున్నరో గూడ సూడలె, సిన్నపిల్లగాని లెక్క ఏడ్చిన. పోలిక వచ్చిందా లేదా అని ఇంకెవల్ని అడుగుతరు?"

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం మీద ఏదో రాసుకుంది. మా సారు నా వైపు చూసి నవ్వాడు. అట్లా ఒక పరీక్ష అయిపోయింది. అసలుది బయట మెట్ల మీద ఉంది.

పెద్దనాయన మెట్ల మీద కూర్చున్నాడు. మామ చాయ్ కోసం వెళ్ళాడు. నేను ఒక మెట్టు కింద నిలబడి, తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని చూస్తున్నాను. ఆయన భుజాన ఉన్న తువ్వాల తీసి పక్కన పెట్టుకున్నాడు.

"నిన్న వాడు నన్ను పట్టుకోని ఏడ్చిండు ర. నేను గూడ ఏడ్చిన. ఒక్క ఫోన్ జేస్తె ఏం పోతదని ఏడేండ్లు రోజు అనుకున్న. వాడు గూడ అనుకున్నడంట. ఎవడు జెయ్యలె."

ఆనాడు తీర్పు చెప్పేముందు లాగే మీసం దువ్వుకున్నాడు.

"నేను పోతె ఎవలు ఏడుస్తరో బతికుండంగ జూపెట్టినవ్. ముప్పై ఏండ్ల సంది ఎరువుల దుకాణంల కూసున్న, నాకెవడన్న జూపెట్టిండా? సదువుకో. నీ ఇష్టమొచ్చినన్ని ఏండ్లు సదువుకో." లేచి తువ్వాల దులుపుకున్నాడు. "గని ఇంకోపారి నన్ను బస్సెక్కిస్తె, మెడల ఒక చిట్టి రాసి కట్టు, మనిషి బతికే ఉన్నడని."

అమ్మయ్య! అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడాదిగా నెత్తి మీదున్న యూరియా బస్తా ఎవరో దించినట్టనిపించింది. నవ్వాను, ఏడ్చాను, మామ తెచ్చిన చాయ్ నోరు కాలేలా తాగాను. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, ఆ పెళ్ళికార్డు అచ్చువేసినవాణ్ణి ఇద్దరూ కలిసి తిడుతూ గేటు వైపు నడుస్తుంటే వెనక నుంచి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత చాలా తలలు చేశాను. బాగున్నాయన్నవాళ్ళున్నారు, ముక్కు పెద్దదైందన్నవాళ్ళున్నారు, ఏడ్చినవాడు మాత్రం మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు కూడా ఆ దారిన బస్సులో పోతుంటే, దండ వేసిన పెద్దనాయనను ఒళ్ళో పెట్టుకుని, తన కళకు లోకం కన్నీళ్ళు పెట్టిందని ఛాతీ విరుచుకుని కిటికీలోంచి చూస్తున్న ఆ పిల్లవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిచ్చోడు. తను చేసిన గొప్పపని ఒళ్ళో ఉందనుకున్నాడు. అది అప్పటికే జీపెక్కి వీపనగండ్ల దారి పట్టింది.