టంగుమనే దాకా గాలి

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా మొదలవుతాయి. ఆ రోజుల్లో నేను డిప్లొమా చేతపట్టుకుని జంషెడ్‌పూర్ పక్కనున్న గమ్హరియాలో కారు విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో ఆరు నెలల ట్రయల్ మీద చేరాను. యజమానిని అందరూ బడే సాబ్ అనేవారు. ఆయనకు స్పోర్ట్స్ కార్ల పిచ్చి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎర్ర కారును ఆదివారాలు ఊరవతల, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ తాలూకు పాత టెస్ట్ ట్రాక్ మీద తిప్పేవారు. ఆయన బావగారు (మాకందరికీ జీజాజీ) తన నీలం కారుతో ఎప్పుడూ రెండు సెకన్లు ముందుండేవారు. బావగారి చేతిలో ఓటమి ఎంత చేదో, ఇంటికెళ్లాక అక్కగారి ముఖంలో కనిపించే నవ్వు అంతకు రెట్టింపు చేదట. ఒకరోజు ఆయన అలా వాపోతుంటే, "టైర్ల గురించి నాకు తెలియనిది లేదు సాబ్" అని నోరు జారాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఈ ఆదివారం టైర్లు నీవే. జీజాజీని దాటామా, నౌకరీ పక్కా. లేదంటే సోమవారం రానక్కర్లేదు" అన్నారు.

నా ధీమాకు కారణం లేకపోలేదు. జంషెడ్‌పూర్‌లోనే బర్మామైన్స్ పేటలో మా నాన్నకు లారీ టైర్ల పంక్చరు దుకాణం ఉంది. (ఆ సంగతి కార్ఖానాలో ఎవరికీ చెప్పలేదు. డిప్లొమా చేసిన వాణ్ణి కదా, నామోషీ.) నాన్న ఇనప రాడ్డుతో టైరును ఒక్కటి కొట్టేవాడు. "దబ్" అంటే ఇంకా గాలి కావాలి. "టంగ్" అంటే సరిపోయింది. "గేజీ అబద్దమాడుద్దేమో గానీ సెవి అబద్దమాడదురా" అనేవాడు. మా ఊళ్లో లారీ అంటే ఇనుము మోసేదే. ఆ శబ్దం వింటూ పెరిగిన నేను, ఆదివారం పొద్దున్నే అందరూ చూస్తుండగా రాడ్డు పుచ్చుకుని ఎర్ర కారుకు నాలుగు చక్రాలూ టంగుమనేదాకా గాలి కొట్టాను. తర్వాత గాలి కొలిచే గేజీ పెడితే యాభై పాయింట్లు! కారుతో వచ్చిన పుస్తకంలో ముప్పై రెండని ఉంది. ఆ పుస్తకం రాసినవాడు జంషెడ్‌పూర్ వచ్చి ఉండడని సరిపెట్టుకున్నాను.

మొదటి మలుపు ఎలాగో దాటింది. రెండో మలుపులో ఎర్ర కారు తడి బండ మీద సబ్బుబిళ్లలా జారి, గిర్రున తిరిగి, గడ్డిలో మా వైపు ముఖం పెట్టి ఆగింది. జీజాజీ పొట్ట పట్టుకుని నవ్వారు. బడే సాబ్ కారును మెల్లగా వెనక్కి తెచ్చి, హెల్మెట్ తీసి, వాచీ చూపించి ఒక్కటే మాట అన్నారు: "ఏక్ ఘంటా." గంటలో సరిచెయ్యాలన్నమాట. ట్రాక్ పక్కనున్న పాత షెడ్డు వెనక్కి పరుగెత్తి నాన్నకు ఫోన్ చేశాను.

"బాబా, గాడీ ఫిసల్ రహీ హై!" అన్నాను. (భయమేస్తే నా నోట హిందీయే వస్తుంది.)

"తెలుగులో ఏడురా. ఏటి జారిపోతంది?"

అంతా చెప్పాను. అవతల కాసేపు నవ్వు తప్ప మరేమీ వినబడలేదు.

"ఓరి ఎర్రిబాగులోడా! టంగుమనాల్సింది ఇనుమెత్తిన లారీకిరా. బరువు లేని బండికి అంత గాలెడితే టైరు ఉబ్బిపోయి మజ్జినే నేలకి తగుల్తాది. ఎల్లి సెయ్యెట్టి సూడు. మజ్జిన కాల్తందా, అంచులు కాల్తన్నాయా?"

చూసి వచ్చాను. "మధ్యలోనే నాన్నా. అంచులు చల్లగా ఉన్నాయి."

"మరింకేటి, గాలి తీసీ. మజ్జా అంచులూ ఒకేలాగ కాలినంతవరకు తీసీ. సల్లారనీకు, బండి ఆగీ ఆగగానే సూడాల. సుద్దముక్క దొరికితే అంచున గీత గియ్యి. గీత ఎంతవరకు సెరిగితే టైరు అంతవరకు వాల్తన్నట్టు."

షెడ్డులో మిగిలిన పాత హాజరు బోర్డు దగ్గరి సుద్దముక్క లాక్కొచ్చి గీతలు గీశాను. గాలి ఇరవై ఏడుకు దించాను. మూడు చుట్లు తిరిగి కారు ఆగగానే గేజీతో దూకాను. వేడికి గాలి తనంతట తానే ముప్పై ఆరుకు ఎక్కింది. ట్రాక్ నిండా కుడి మలుపులే కాబట్టి బరువంతా మోసిన ఎడమ టైర్లు ముప్పై ఎనిమిది చూపించాయి. అరచేయి కాలుతున్నా వదలకుండా నాలుగింటినీ ముప్పై మూడుకు తెచ్చాను. మళ్లీ రెండు చుట్లు, మళ్లీ కొంచెం గాలి తీశాను. ఈసారి మధ్యా అంచులూ ఒకే వేడి. సుద్దగీత సరిగ్గా అంచు దాకా చెరిగి ఆగింది. "ఇక వెళ్లండి సాబ్" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

స్టాప్‌వాచీ జీజాజీ చేతిలోనే ఉంది. ఎర్ర కారు రెండో మలుపును గీత గీసినట్టు దాటేసింది. ముగింపు గీత దాటగానే జీజాజీ బటన్ నొక్కి, వాచీని చూసి, విదిలించి, మళ్లీ చూశారు. ఆయన పొద్దున చేసిన టైమ్ కంటే అర సెకను తక్కువ! ఆ అంకె ఆయన నోటితోనే చదివించాం, అదీ రెండుసార్లు. బడే సాబ్ నన్ను అమాంతం ఎత్తేశారు. కార్లో పక్కన కూర్చోబెట్టుకుని హారన్ కొడుతూ ఒక చుట్టు తిప్పారు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. (చూసేవాళ్లు నలుగురే. నేను మాత్రం నలభై వేలమందికి సరిపడా ఊపాను.) "ఎవరు నేర్పారు బేటా?" అని అడిగితే, సిగ్గు లేకుండా, "ఇంటర్నెట్‌లో చదువుకున్నాను సాబ్" అన్నాను. నౌకరీ పక్కా అయింది.

పది రోజుల తర్వాత మా కార్ఖానా లారీకి టైరు పేలింది. డ్రైవరుతో పాటు బడే సాబ్ కూడా దిగింది సరాసరి మా దుకాణం ముందే. నాన్నకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లిన నేను అక్కడే దొరికిపోయాను. బడే సాబ్ నన్ను చూశారు, గోడకున్న టైర్లు చూశారు, నాన్నను చూశారు. "ఆ రోజు మీవాడికి చెప్పింది మీరేనా?" అని అడిగారు. నాన్న నా ముఖం వైపు ఒక్కసారి చూసి, తన విరిగిన హిందీలో, "నై సాబ్, హమ్‌కో క్యా మాలూమ్. లడ్‌కా సబ్ పఢ్‌కే సీఖా" అన్నాడు. తనకేం తెలియదని, కుర్రాడే అంతా చదివి నేర్చుకున్నాడని. క్యారేజీ మూత పట్టుకుని నేను తల దించుకున్నాను. అంత గొప్పగా గెలిచి అంత చిన్నబోయింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆ ట్రాక్ మీద కొత్తవాళ్లకు గాలి పాఠం చెప్పేది నేనే. మొదటి మాటగా "ఇది మా నాన్న చెప్పింది" అంటాను. మొన్న ఆయన్ను కూడా తీసుకెళ్లి, పక్కన కుర్చీ వేసి మరీ ఆ మాట అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "అబద్దం బాబూ. నానేటి సెప్పినాను? ఫోనెత్తినాను, అంతే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఇరవై రెండేళ్ల సర్వజ్ఞుడి పరువును మా నాన్న ఇంకా కాపాడుతూనే ఉన్నాడు.