పేరుకు మూరెడు రాయి

నా చిన్నప్పుడు తార్నాకలో నాయకులకు కొరత లేదు. కొరతల్లా ఒక చిన్న వంతెనకే. మా బస్తీకీ యూనివర్సిటీ క్యాంపస్‌కీ మధ్య ఒక నాలా పారేది. ఇటు గట్టు మున్సిపాలిటీది, అటు గట్టు క్యాంపస్‌ది. మధ్యలో పారే మురుగు ఎవరిదో మాత్రం తేలలేదు. అది మాదేనని చెప్పుకునేంత ఉదార స్వభావం ఇద్దరిలో ఎవరికీ లేదు.

నా బడి అటు గట్టున, క్యాంపస్ లోపల ఉండేది. ఎండాకాలంలో నాలాలోని రాళ్ల మీద అడుగులేస్తూ దాటేవాళ్లం. వానాకాలంలో ఆ రాళ్లు మునిగిపోయేవి. అంతకుముందు వానల్లో పక్కింటి అక్క అక్కడే జారి కాలు విరగ్గొట్టుకుంది. కాలు అతుక్కుంది గానీ చదువు అతుక్కోలేదు. ఇంట్లోవాళ్లు బడి మాన్పించేశారు. అది చూసిన మా నాన్న ఒకనాడు అన్నం తింటూ తేల్చి చెప్పాడు: "వానలు పడేలోపు దారి అయితే పిల్ల బడికి పోతది. కాకుంటే ఇంట్లనే ఉంటది." మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లొచ్చు గానీ, ఆ లారీల మధ్య నన్ను పంపే ధైర్యం ఆయనకు లేదు. అలా నా చదువంతా వచ్చి నాలా గట్టున ఆగింది.

సరిగ్గా అప్పుడే మా నాయకులకు సమన్వయం మీద మనసు పోయింది. వార్డు నాయకుడు, ఎమ్మెల్యే, క్యాంపస్ పెద్దసారు కలిసి కూర్చుని ప్రాంతాభివృద్ధి గురించి మాట్లాడుకుంటారని చాటింపు వేశారు. నాలా పక్కనే షామియానా కట్టారు. గాలి వీచినప్పుడల్లా ముగ్గురూ ఒకేసారి ముక్కు మూసుకునేవారు. ఆ రోజు నేను చూసిన సమన్వయం అంతవరకే.

మాట్లాడారు, బాగా మాట్లాడారు. నాలా ఎవరిదో తేల్చే చట్టం తెమ్మని అసెంబ్లీని కోరుతూ తీర్మానం చేశారు. వంతెన అత్యవసరమని ముగ్గురూ ఒప్పుకున్నారు. అత్యవసరం కాబట్టి ముందు శంకుస్థాపన చేయాలనీ ఒప్పుకున్నారు. శంకుస్థాపన అంటే శిలాఫలకం కావాలి. ఫలకం మీద పేర్లుండాలి. పేర్ల దగ్గరికి వచ్చేసరికి అంతసేపూ "అన్నా" అని పిలుచుకున్నవాళ్లు "ఏందయ్యా" అనుకోవడం మొదలుపెట్టారు.

"నా వార్డుల నా పేరు కిందికుంటదా?" అని వార్డు నాయకుడు.

"నీ వార్డు నా నియోజకవర్గంల లేదా?" అని ఎమ్మెల్యే.

ఇద్దరికంటే తానే ఎక్కువ చదివానని క్యాంపస్ పెద్దసారు ఇంగ్లీషులో గుర్తుచేశారు. గుర్తుంచుకున్నవాళ్లు ఎవరూ కనిపించలేదు.

షామియానా చివర కింద కూర్చుని ఆకు నములుతున్న మా నాయనమ్మ అప్పుడు లేచింది. ఆవిడది పొలం పనులు చేసి వచ్చిన ఒళ్లు. చదువు లేదు గానీ, ఊళ్లో ఉన్నప్పుడు పాలివాళ్ల తగవులు చాలా చూసింది. "గిదేం లొల్లి సారూ? పైనా కిందా రాస్తే గదా పంచాతి. అడ్డంగ రాయిండ్రి, ఒకరి పక్కన ఒకరు. పైనెవడు, కిందెవడు?" అంది.

ముగ్గురూ కాసేపు ఆలోచించారు. అందులో తమకు జరిగే అవమానం ఏదీ దొరకలేదు. సరేనన్నారు.

"అక్షరాలు మాత్రం సన్నగ చెక్కియ్యకుండ్రి," అని నాయనమ్మ మళ్లీ అందుకుంది. "పేరుకు మూరెడన్న ఉండాలె. రాయి గూడ బందోబస్తుది ఉండాలె. మీ అసుంటోళ్ల పేర్లు పలుచటి బండ మీద రాస్తరా ఎవరన్న?" ఇంత పెద్ద మనసున్న ముసలమ్మను ముగ్గురూ మెచ్చుకున్నారు. ఎమ్మెల్యే ఆవిడకు తన మెడలోని దండ కూడా వేశాడు. ఇంటికి వచ్చాక ఆ దండ మా మేకకు పనికొచ్చింది.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా బడి పోయేట్టుంటే ఈవిడ వాళ్ల పేర్లకు కొలతలు చెబుతోంది! దారిలోనే అడిగాను, వంతెన ఎప్పుడు కడతారని నిలదీయలేదేమని. నాయనమ్మ నవ్వింది. "అడిగితే కడ్తమంటరు బిడ్డా. కడ్తమన్నంక ఇంకేమడుగుతం?"

ఆ సాయంత్రం నాయనమ్మ మంచానికి నులక బిగించగా మిగిలిన తాడు తీసి నా చేతికిచ్చింది. నాలాలో అప్పటికి రాళ్లు తేలి ఉన్నాయి. నేను తాడు కొస పట్టుకుని అటు గట్టు ఎక్కాను, ఆవిడ ఇటు గట్టున నిలబడింది. తాడు బిగించి, ఆ పైన రెండు వైపులా ఆనడానికి కాస్త వదిలి ముడి వేసింది. తర్వాత మూరలు లెక్కపెట్టి పెదవి విరిచింది. "ముగ్గురు సాలరు," అంది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

మర్నాటి నుంచి నాయనమ్మ సమన్వయం మొదలుపెట్టింది. మల్కాజ్‌గిరి సంతకు వెళ్లినప్పుడు అక్కడి నాయకుడి ఇంటికి పోయి, రాయి మీద తార్నాక వాళ్ల పేర్లే ఉంటాయటగా అని తెగ బాధపడిపోయింది. హబ్సిగూడ నాయకుడి దగ్గర మల్కాజ్‌గిరి ఆయన పేరు ఎక్కబోతోందని వాపోయింది. వారాసిగూడలో పెద్దగా చెప్పాల్సిన పనే పడలేదు. అక్కడి ఆయనకు కబురు ముందే చేరింది. నాలాకీ వీళ్లకీ సంబంధం లేదు. ఎవరూ దాన్ని చూసి కూడా ఎరుగరు. అయినా పేర్లు వచ్చి చేరాయి. ఒక్కొక్క పేరుకూ రాయి ఒక మూర పెరిగింది. నాయనమ్మ మధ్యమధ్యలో రాయి చెక్కేవాడి దగ్గరికి వెళ్లి తాడు పెట్టి చూసుకుని వచ్చేది. తాడు సరిపోయిన రోజున మా ఇంట్లో పాయసం వండింది. ఎందుకని మా నాన్న అడిగితే, "పెద్దోళ్లందరు ఒక్కటైండ్రు," అంది.

శంకుస్థాపన ఘనంగా జరిగింది. కొబ్బరికాయలు కొట్టారు, తెర లాగారు, ఫొటోలు దిగారు. రాయిని నిలబెట్టే ఉపాయం మాత్రం ఎవరికీ తోచలేదు. అంత పొడుగు రాయి నిలబడితే స్తంభమవుతుంది, పేర్లన్నీ పక్కకు తిరిగిపోతాయి. చివరికి గట్టున పడుకోబెట్టే పూలు చల్లారు. వంతెన గురించి ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఇంజనీరు రాలేదు, మేస్త్రీ రాలేదు. మబ్బులు మాత్రం చెప్పిన వేళకు వచ్చాయి.

మొదటి జల్లు పడిన మర్నాడు పొద్దున నాయనమ్మ బస్తీ మగవాళ్లందరినీ పోగేసింది. మోకులు వచ్చాయి, దొర్లించడానికి దుంగలు వచ్చాయి. మా నాన్న మోకు పట్టుకుని ఆపాడు. క్యాంపస్ పెద్దసారు పేరు ఆ రాయి మీదుంది, ఆయన కింద పనిచేసేది తనే. "అమ్మా, పెద్దోళ్ల పేర్లు తొక్కితే నౌకరీ పోతదే! కనీసం బోర్లించి ఎయ్యనియ్."

"బోర్లిస్తె నున్నగుంటది, పిల్లలు జారుతరు," అంది నాయనమ్మ. "చెక్కిన అక్షరాలు పైకుంటెనే కాలుకు పట్టు దొరుకుతది. ఇన్నేండ్లకు ఆళ్ల పేరు ఒకరికి ఆసరైతాంది, అడ్డం పడకు."

రాయి అటు గట్టు మీద ఆనినప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందరికంటే ముందు నన్నే దాటమన్నారు. పలక సంచి భుజాన వేసుకుని, వార్డు నాయకుడి మీద కుడికాలు, ఎమ్మెల్యే మీద ఎడమకాలు వేస్తూ బడికి వెళ్లాను. కాలు ఎక్కడా జారలేదు.

వార్డు నాయకుడు వారం లోపే మండిపడుతూ వచ్చాడు. వచ్చేసరికి బస్తీ జనమంతా రాయి మీదుగా దాటుతున్నారు. కాసేపు నిలబడి చూశాడు. కోపం తగ్గింది, ఆలోచన పుట్టింది. మర్నాడు ఫొటోగ్రాఫర్‌నీ మిగతా నాయకులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. అందరూ కలిసి తాము కట్టిన వంతెనకు తామే రిబ్బను కత్తిరించుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే దాటారు. ఆ దృశ్యం చూసి తీరాల్సిందే. ప్రతి నాయకుడూ మిగతా అందరి పేర్ల మీదా ధీమాగా నడిచాడు. తన పేరు వచ్చిన చోట మాత్రం పంచె పైకెత్తి, కాలు చాచి దాటాడు. క్యాంపస్ పెద్దసారు పేరు చివర్లో ఉండటంతో ఆయన గట్టు మీదికి గెంతాల్సి వచ్చింది. మా నాన్న చెయ్యి అందించాడు. ఉద్యోగం నిలిచింది.

ఆ రాయి మీదుగానే నా బడి చదువూ కాలేజీ చదువూ సాగాయి. మా చెప్పులకు పేర్లు అరిగి, ఎవరు ఎవరో పోల్చుకోలేనంతగా కలిసిపోయారు. వాళ్లు నిజంగా సమన్వయపడింది అప్పుడే అనుకుంటాను. చివరికి అదే క్యాంపస్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాలా మీద ఇప్పుడు రోడ్డుంది. రాయి ఏ మట్టి కిందుందో తెలియదు.

మొన్న క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో చుట్టుపక్కల నాయకుల సమన్వయ సమావేశం జరిగింది. కాలనీ పెద్దమనిషినని నన్నూ పిలిచారు. ప్రాంతాభివృద్ధి, రోడ్లు, అసెంబ్లీలో ఎత్తాల్సిన విషయాలు, అన్నీ ఉన్నాయి. టీ రాకముందే ముఖ్య విషయానికి వచ్చేశారు: స్వాగత బోర్డు మీద ఎవరి ఫొటో పైనుండాలి?

బయట వాన పడుతోంది. కప్పులేని బస్టాపులో ఆడపిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ బస్టాపు గురించి నేను ఒక్క మాట కూడా ఎత్తలేదు. లేచి నిలబడి, ఫొటోలు అడ్డంగా ఒకరి పక్కన ఒకరు వేస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్లెక్సీ వద్దు, గట్టి రేకు మీద వేయించండి, పెద్దవాళ్ల ముఖాలు వానకు పాడవకూడదు అన్నాను. మళ్లీ చప్పట్లు.

"ఎంత పొడుగు చేపియ్యాలె మేడమ్?" అని అడిగాడు ఒక కుర్ర నాయకుడు, వినయంగా.

హ్యాండ్‌బ్యాగులోంచి తాడు తీసి ఇచ్చాను. పొద్దున వచ్చేటప్పుడే బస్టాపు దగ్గర ఆగి ముడి వేసుకొచ్చాను.