తుంగను మరచిన వేళ్లు

గుణదలలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు జాగాలో గరికతో లాన్ వేయించాము. దానికి పట్టిన పీడ తుంగ. పైపైన కోస్తే లాభం లేదు. నేలలో గడ్డ మిగిలితే వారం తిరక్కుండా మళ్లీ లేస్తుంది. ప్రతి ఆదివారం ఏ మూల ఎంత కలుపు తీసినదీ నేను నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. తీసేది మాత్రం నా భార్య. వరిచేలో కలుపు తీస్తూ పెరిగిన మనిషి. కాడను రెండు వేళ్ల మధ్య దొర్లించేది; మూడు పలకలుగా తగిలితే తుంగ. మొహం నా వైపు తిప్పి కబుర్లు చెబుతూనే చేతులతో ఏరేసేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో, ఆమె లేచి వెళ్లిన చోట తుంగ నిలిచి ఉంది, గరిక కుప్పగా పడి ఉంది. పుస్తకంలో ‘అశ్రద్ధ’ అని రాశాను. మరుసటి వారమూ అదే మాట రాయవలసి వచ్చింది. మూడోసారి, పక్కింటివాళ్లు వింటున్నారన్న ఇంగితం కూడా లేకుండా అడిగాను.

“మీ నాన్న చేలోనూ ఇట్టాగే వరి పీకి తుంగ ఉంచేదానివా?”

“కళ్లు మసకేస్తన్నాయండీ,” అంది.

బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త కళ్లజోడు చేయించి, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆమె ఏనాడూ కళ్లతో కలుపు తీయలేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

ఏడాదిన్నర తరువాత, మా వీధి మలుపులోనే ఇల్లు ఎటో తెలియక ఆమె నిలబడిపోయింది. అప్పుడు తీసుకెళ్లాను డాక్టరు దగ్గరికి. మతిమరుపు జబ్బన్నారు. ఎప్పుడు మొదలైందని అడిగితే ఈమధ్యనేనని చెప్పాను. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే ఆ మొదలు నా చేతిరాతలోనే ఉంది. వారం వారం, ఒక్క ఆదివారమూ తప్పకుండా: అశ్రద్ధ, అశ్రద్ధ, అశ్రద్ధ. జబ్బును నేరంగా నమోదు చేసిన నా బుద్ధిని ఏమనాలి? ఆ మాటలు కొట్టివేయడానికి కలం తీశాను. కొట్టివేయడం కూడా మోసమేననిపించి పుస్తకం మూసేశాను.

ఆ తరువాత కూడా ఆమె సాయంత్రాలు లాన్‌లో కూర్చునేది. ఒకనాడు దోసెడు గరిక తెచ్చి నా ముందు చాపింది.

“ఇది పీకాలా, ఉంచాలా అండీ?”

ఆ గొంతులో బెదురు ఉంది. జబ్బు ఇచ్చినది కాదది, నేను పెట్టినది.

“నువ్వు పీకిందే కలుపులే,” అన్నాను.

ఆమె మొహం తేటపడింది. వెళ్లి మళ్లీ పచ్చికలో చతికిలబడి, పక్కనున్న గరిక కుదురు మీద చెయ్యి వేసింది.