ఖండాలకి గుంజలెవరు పాతారు?

స్టేజీ బురదలో దిగబడుతుంటే, నా మాట నమ్మి దాని మీదికెక్కిన ఆడవాళ్లని వదిలేసి నేను పారిపోయాను.

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఈ లోకంలో లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, చేపల చెరువు దగ్గర కాపలా కాస్తూ, ఏలూరులో తూకానికి కొన్న పాత పుస్తకాలు చదివేవాణ్ణి. ఒకదానిలో భూమిని పుచ్చకాయలా కోసిన బొమ్మ ఉంది. పైన గట్టి పలకలు, వాటి కింద ఆస్థెనోస్ఫియర్ అనే బలహీనమైన పొర. అది మెల్లగా ప్రవహిస్తుందట, ఖండాలు దాని మీదే కదులుతాయట. ఆ పొరకి పులుసు రంగు వేశారు. (వేసినవాడి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మనవరాలి ఫోన్లోని భూమి బొమ్మలో నేటికీ అదే పులుసు తుకతుకా ఉడుకుతోంది!) చూడగానే "ఓస్, మన కొల్లేటి బురదే కదా" అనుకున్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కి మా ఊరి ఆడవాళ్లు మొదటిసారి స్టేజీ ఎక్కి పాడబోతున్నారు. "అంతమంది ముందు మా వల్ల కాదండీ" అని ముడుచుకుపోయేవాళ్లకి పాస్టరమ్మగారు వానాకాలమంతా పాట నేర్పించారు. చర్చి ముందు జాగా చాలక, చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువులో స్టేజీ అనుకున్నారు. పైన నెర్రెలిచ్చిన మట్టి, కింద బురద. మా బాబాయి తాటి గుంజలు లోతుగా పాతాలన్నాడు. నేను అడ్డం తిరిగాను.

"ఖండాలకి గుంజలెవరు పాతారు బాబాయ్? వెడల్పాటి చెక్కలు పరిస్తే వాటంతటవే తేలతాయి."

"ఖండాల మీద మీ పిన్ని ఎక్కి పాడదు కదరా!"

పిన్ని ఆయన వైపు చూసిన చూపుకి బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు. (మనిషి కాస్త నిండైనది.) పాస్టరమ్మగారే సర్దిచెప్పారు: "అబ్బాయి చదివి చెబుతున్నాడు కదండీ, విందాం." నా చదువుని చదువన్న మొదటి మనిషి ఆవిడే.

క్రిస్మస్ నాడు పాట రెండో చరణంలో ఉండగా పిన్ని నిలబడ్డ మూల దిగింది. చెక్కల సందుల్లోంచి నల్లటి బురద ఉబికింది. హార్మోనియం జారుతూ జారుతూ ఒక పక్కకి ఒరిగింది. జనం గొల్లుమన్నారు. "ఏడిరా ఆ ఖండాలవాడు?" అని బాబాయి కేకేశాడు. ఖండాలవాడు అప్పటికే గట్టెక్కి, గుండుగొలను దాకా పరుగెత్తి, బస్సు పట్టుకుని తాడేపల్లిగూడెం చేరాడు.

అక్కడే రైస్ మిల్లులో పనికి కుదిరి, ఆ పొర గురించి మళ్లీ చదివాను. అది పులుసూ కాదు, బురదా కాదు, గట్టి రాయే. లోపలి వేడికీ ఒత్తిడికీ, మన గోళ్లు పెరిగినంత నిదానంగా సాగుతుంది. తెలిశాక ఆ బొమ్మని తిట్టని తిట్టు లేదు. కానీ బొమ్మ గీసినవాడు పిన్నిని చెక్క మీద ఎక్కమనలేదు కదా! ఎక్కమన్నది నేను. ఆ సిగ్గుతోనే ఊరి వైపు పోలేదు. ఆడవాళ్ల మొదటి పాటని సగంలో చంపేశానని ఇన్నేళ్లూ కుమిలాను.

పోయిన నెల ఏలూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర పాస్టరమ్మగారు కనిపించారు. చేతులు వణుకుతున్నాయి గానీ గొంతు అదే. పక్కన కూర్చుని, "ఆ రోజు మీ పాట నా వల్లే ఆగిపోయిందండీ, క్షమించండి" అన్నాను. ఆవిడ నా మొహం కాసేపు చూసి, గుర్తుపట్టి నవ్వారు.

"పాట ఆగిందని నీకెవరు చెప్పారు బాబూ? మోకాళ్లదాకా దిగబడి, ఒకళ్ల చెయ్యి ఒకళ్లం పట్టుకుని, చివరి చరణం దాకా పాడాం. నవ్వినోళ్లు కూడా నోళ్లు మూసుకుని విన్నారు. విననిది నువ్వొక్కడివే."